ప్రకాశం పంతులు గురించి మళ్లీ మళ్లీ అడిగే సందేహాలు

ఆగస్టు వస్తే చాలు, ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు మీద బడి పిల్లల వక్తృత్వ పోటీ కాగితాలు దిద్దే పని నా మీద పడుతుంది. ఏ కాగితం తీసినా ఒకటే వరస: పేదరికం, తుపాకీ, చొక్కా గుండీలు, ముఖ్యమంత్రి, జైహింద్. మధ్యలో ముప్పై ఏళ్లు ఎటు పోయాయో తెలీదు. పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ, పోటీ పరీక్షలకు చదివేవాళ్లూ ఏటా అడిగేవి అవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒక్కచోట పెట్టాను. ఎవరికి కావలసింది వాళ్లు నేరుగా చదువుకోవచ్చు.

## పుట్టుక, చదువు

ఆయన ఇంటిపేరు టంగుటూరు కదా, పుట్టింది కూడా అక్కడేనా?

కాదు. 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు నాగులుప్పలపాడు మండలంలో ఉంది. తల్లి సుబ్బమ్మ, తండ్రి గోపాలకృష్ణయ్య.

'పంతులు' అంటున్నారు, ఆయన బడిపంతులుగా చేశారా?

లేదు. నియోగి బ్రాహ్మణ కుటుంబాల్లో చదువుకున్నవాళ్ల పేరు చివర గౌరవంగా పంతులు అని చేర్చేవారు. వీరేశలింగం పంతులు, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు అన్నట్టే ఇదీ. ప్రకాశం వృత్తి వకాలతు. ఆ తర్వాత పత్రిక, రాజకీయం.

వాళ్లది నిజంగా అంత పేద కుటుంబమా?

కరణీకం చేసిన వంశమే. కానీ ఆయనకు పదకొండేళ్లప్పుడు తండ్రి పోయారు. సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు పెట్టి పిల్లల్ని సాకారు. డబ్బు తీసుకుని పరాయివాళ్లకు అన్నం పెట్టడం ఆ రోజుల్లో నామోషీగా చూసే పని. ఆమె ఆ మాటలు పడింది. మిడిల్ స్కూలు పరీక్ష ఫీజు మూడు రూపాయలు పుట్టక, తన పట్టుబట్ట తాకట్టు పెట్టి తెచ్చి కట్టింది. పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే, ఈ సంగతి చెప్పేటప్పుడు కన్నీళ్ల నేపథ్య సంగీతం వద్దు. మూడు రూపాయలు, పట్టుబట్ట, తాకట్టు అంటే చాలు.

నాటకాలు ఆడేవారట, నిజమేనా?

నిజమే, చిన్నాచితకా వేషాలు కూడా కాదు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు ఆయన్ని చేరదీసి రాజమండ్రి తీసుకెళ్లి చదివించారు. ఆయనకు నాటక సమాజం ఉండేది. చిలకమర్తి లక్ష్మీనరసింహం ఆ సమాజం కోసమే నాటకాలు రాశారు. 'గయోపాఖ్యానం'లో అర్జునుడి వేషం ప్రకాశానిదే. కోర్టులోనూ సభల్లోనూ ఆ గొంతు అంత దూరం ఎలా వెళ్లేదని అడిగేవాళ్లకు సగం జవాబు ఇక్కడ దొరుకుతుంది.

## వకీలు, బారిస్టరు, పత్రిక

రాజమండ్రిలో ప్రాక్టీసు బాగానే ఉండగా మళ్లీ లండన్ ఎందుకు వెళ్లారు?

ఆయన చదివింది సెకండ్ గ్రేడ్ ప్లీడరు పరీక్ష. దానితో జిల్లాలో ఎంత పేరు తెచ్చుకున్నా హైకోర్టులో వాదించే వీలు లేదు. ఒక బారిస్టరు ఆయన వాదన విని, నువ్వూ బారిస్టరువి కావచ్చు కదా అన్నాడు. అప్పటికే ముప్పై దాటాయి, రాజమండ్రి మునిసిపల్ చైర్మన్ పదవి కూడా చూశారు. అయినా ఓడ ఎక్కారు. లండన్‌లో చదువుతూనే దాదాభాయ్ నౌరోజీ పార్లమెంటు ఎన్నికకు ప్రచారం చేశారు. 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు.

బారిస్టరుగా పెద్ద కేసులు ఏమైనా వాదించారా?

చాలామందికి తెలియనిది ఒకటి ఉంది. 1911 జూన్‌లో మణియాచి రైల్వే స్టేషన్‌లో కలెక్టర్ ఆష్‌ను వాంచినాథన్ కాల్చి చంపాడు. దాని మీద నడిచిన తిరునెల్వేలి కుట్ర కేసులో ముద్దాయిల తరఫున నిలబడిన వకీళ్లలో ప్రకాశం ఒకరు. ఇంగ్లీషు కలెక్టరు హత్య కేసులో ముద్దాయిల పక్షం పట్టడం ఆ రోజుల్లో వృత్తికీ ప్రమాదమే.

అంత సంపాదించి చివరికి చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఎలా అయ్యారు? వ్యసనాలేమైనా ఉన్నాయా?

ఉంది ఒకటి, పత్రిక. 1921లో గాంధీ పిలుపు విని లక్షలు తెచ్చిపెట్టే వకాలతు వదిలేశారు. ఆ అక్టోబరులోనే మద్రాసు నుంచి 'స్వరాజ్య' దినపత్రిక మొదలుపెట్టారు. ముందు ఇంగ్లీషు, ఆపైన తెలుగు, తమిళం. పత్రిక లాభంలో నడిచిన రోజు దాదాపు లేదు. వచ్చే ఆదాయం ఎప్పుడో ఆగిపోయింది, ఉన్న ఆస్తి కరుగుతూ పోయింది, సిబ్బందికి జీతాలు నెలల తరబడి ఆలస్యమయ్యేవి. అయినా ఖాసా సుబ్బారావు, కోలవెన్ను రామకోటీశ్వరరావు లాంటివాళ్లు అక్కడే పని నేర్చి పేరు తెచ్చుకున్నారు. లెక్కలు చూసుకునే గుణం ఆయనకు లేదన్నది కూడా నిజమే. త్యాగం అని ఒక్క మాటలో తేల్చేస్తే, జీతం రాక ఇబ్బంది పడ్డవాళ్ల సంగతి కనబడకుండా పోతుంది.

ఇప్పుడు 'స్వరాజ్య' పేరుతో వచ్చే పత్రిక ఆయన పెట్టిందేనా?

కాదు. ప్రకాశం దినపత్రిక 1930ల్లోనే ఆగిపోయింది. ఇప్పటి పత్రిక మూలం 1956లో ఖాసా సుబ్బారావు మొదలుపెట్టిన వారపత్రిక, దాని వెనక ఉన్నది రాజాజీ, అంటే మద్రాసు కాంగ్రెస్ నాయకుడు చక్రవర్తి రాజగోపాలాచారి. ఒకప్పుడు ప్రకాశం దగ్గర పనిచేసిన మనిషే అదే పేరు పెట్టడం వల్ల ఈ గందరగోళం.

## ఉద్యమం

తుపాకీకి గుండె చూపించింది సైమన్ ఎదుటే కదా?

ఏటా నేను ఎర్ర సిరాతో దిద్దే తప్పు ఇదే. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ ఓడ దిగింది బొంబాయిలో. అదే రోజు దేశమంతటా హర్తాళ్. మద్రాసులో హైకోర్టు దగ్గర, ప్యారీస్ కార్నర్ ప్రాంతంలో జనం గుమిగూడితే పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. శవాన్ని చూడటానికి ప్రకాశం బయల్దేరితే తుపాకులు పట్టుకున్నవాళ్లు అడ్డం నిలబడ్డారు. ముందుకొస్తే కాలుస్తామన్నారు. ఆయన చొక్కా తెరిచి ఛాతీ చూపారు. సైమన్ దొర అప్పుడు అక్కడికి వందల మైళ్ల దూరంలో ఉన్నాడు.

మరి పోలీసులు కాల్చారా, లేదా? ఆయన అన్న అసలు మాటలేమిటి?

ఆయన మీద కాల్చలేదు. అప్పటికే జనం మీద కాల్చారు, అందుకే ఆయన అక్కడికి వెళ్లింది. చివరికి దారి వదిలారు. మాటల సంగతికొస్తే ఒక్కొక్కరు ఒక్కో డైలాగు చెబుతారు. వేదిక మీద బాగుంటుందని పిల్లల చేత గట్టిగా అరిపిస్తారు కూడా. నా సలహా, డైలాగు మానేసి జరిగింది చెప్పండి. యాభై అయిదేళ్ల మనిషి, చేతిలో కర్ర కూడా లేదు, పడి ఉన్న శవం దగ్గరికి వెళ్లాలన్నాడు.

'ఆంధ్రకేసరి' బిరుదు ఎవరిచ్చారు?

ఏ ప్రభుత్వమూ ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేదు. మద్రాసు ఘటన తర్వాత జనం నోట నిలిచిన పేరు అది. కేసరి అంటే సింహం. పరీక్షలో 'బిరుదు ప్రదానం చేసినవారు' అని అడిగితే, ప్రజలు అని రాయండి.

ఉప్పు సత్యాగ్రహంలో, క్విట్ ఇండియాలో ఆయన పాత్ర ఏమిటి?

1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1930లో ఆ సభ్యత్వం వదిలేసి మద్రాసులో ఉప్పు చట్టాన్ని ధిక్కరించి జైలుకెళ్లారు. వ్యక్తి సత్యాగ్రహంలోనూ అరెస్టయ్యారు. 1942 ఆగస్టులో మళ్లీ పట్టుకుంటే 1945లో గానీ బయటికి రాలేదు. లోపలికి వెళ్లేటప్పటికి ఆయనకు డెబ్భై.

## మద్రాసులో అధికారం

1937లో రెవెన్యూ మంత్రిగా ఏం చేశారు?

నన్నడిగితే ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని ఇదే. వక్తృత్వ పోటీల్లో మాత్రం ఒక్కరూ ఎత్తరు, ఎందుకంటే ఇందులో తుపాకీ లేదు.

రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఉంటూ జమీందారీ భూముల మీద వేసిన విచారణ సంఘానికి ప్రకాశం అధ్యక్షుడయ్యారు. సంఘం ఊళ్లు తిరిగి రైతుల సాక్ష్యం తీసుకుంది. 1938లో వచ్చిన నివేదిక సారం సూటిగా ఉంది: భూమికి యజమాని రైతు. జమీందారు శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టే మధ్యవాడు మాత్రమే. శిస్తు 1802లో కంపెనీ సర్కారు జమీందార్లతో చేసుకున్న శాశ్వత శిస్తు ఏర్పాటు (శాశ్వత పరిష్కారం) నాటి రేట్లకు మించకూడదు. జమీందార్లు భగ్గుమన్నారు, కాంగ్రెస్‌లోనే చాలామంది తటపటాయించారు. చట్టం అయ్యేలోపే యుద్ధం వచ్చింది, 1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది, అప్పటికి ఆయన పదవిలో లేరు. కానీ ఆ వాదన అప్పటికే కాగితం మీద ఉంది.

కొన్ని పుస్తకాల్లో 'మద్రాసు ప్రధానమంత్రి' అని ఉంది, అచ్చుతప్పా?

అచ్చుతప్పు కాదు. 1935 చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వాన్ని నడిపేవాళ్లను ప్రధానమంత్రి అనేవారు. ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి. ప్రకాశం 1946 ఏప్రిల్ 30 నుంచి 1947 మార్చి 23 వరకు ఆ పదవిలో ఉన్నారు.

గాంధీకి ఆయనంటే పడేది కాదా?

పడకపోవడం కాదు, ఒక్క విషయంలో గట్టి తేడా వచ్చింది. ఊళ్లు తిరిగినప్పుడు ప్రజలు ఇచ్చిన డబ్బు సంచుల్ని ప్రకాశం సొంత అవసరాలకూ వాడుకున్నారు. ప్రజాధనం అలా వాడకూడదని గాంధీ అన్నారు. నా ఆస్తంతా ప్రజల కోసమే పోయింది, ఇప్పుడు వాళ్లే నాకు అన్నం పెడుతున్నారు అన్నది ప్రకాశం వైఖరి. 1946లో నాయకుడి ఎన్నిక దగ్గర ఇది ముదిరింది. పై నాయకత్వం రాజాజీని కోరుకుంది, మద్రాసు కాంగ్రెస్ సభ్యులు ఒప్పుకోలేదు. చివరికి ముత్తురంగ ముదలియార్ మీద 82–69 ఓట్లతో ప్రకాశం గెలిచారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నా మటుకు నాకు ఈ విషయంలో గాంధీ మాటే సరైనదనిపిస్తుంది.

అంత కష్టపడి వచ్చిన పదవి ఏడాది కూడా ఎందుకు నిలవలేదు?

మద్దతిచ్చిన వర్గాలే విడిపోయాయి. ఖద్దరుకు దెబ్బ అని కొత్త బట్టల మిల్లులకు అడ్డం పడ్డారు. గ్రామాల బాగుకు ఫిర్కా (కొన్ని ఊళ్లు కలిసిన రెవెన్యూ విభాగం) అభివృద్ధి పథకం తెచ్చారు. మిల్లుల వాళ్లకు కోపం వచ్చింది, పార్టీలో ముఠాలు ఎటూ ఉండనే ఉన్నాయి. 1947 మార్చిలో ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ఆ కుర్చీలోకి వచ్చారు.

చెప్పకుండా వదలకూడనిది ఇంకొకటి. 1947 జనవరిలో ఆయన ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కమ్యూనిస్టులను విచారణ లేకుండా నిర్బంధించింది. తెల్లవాడి నిర్బంధాలకు ఎదురు నిలిచిన మనిషి సొంత సర్కారులో అదే పని చేశారు.

నిజాం రోజుల్లో హైదరాబాద్ వెళ్లి రజ్వీని కలిశారంటారు, కట్టుకథా?

కట్టుకథ కాదు. 1948లో, రజాకార్ల ఆగడాలు ముదిరిన సమయంలో, ప్రాణానికి ముప్పని ఢిల్లీ నుంచి వారించినా వెళ్లి రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీతో మాట్లాడి వచ్చారు. ఆ భేటీ వల్ల పరిస్థితి మారిందని చెప్పలేం.

ఆయన కాంగ్రెస్‌ను వదిలేశారా?

వదిలేశారు. 1951లో బయటికొచ్చి ప్రజా పార్టీ పెట్టారు, అది కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో కలిసింది. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 375 స్థానాల్లో కాంగ్రెస్‌కు వచ్చినవి 152. కాంగ్రెసేతరుల్లో చాలామంది ఐక్య ప్రజాస్వామ్య సంఘటనగా చేరి ప్రకాశాన్ని నాయకుడిగా ఎన్నుకున్నారు. గవర్నరు మాత్రం రాజాజీని పిలిచారు.

శ్రీప్రకాశ, ప్రకాశం ఒకరేనా?

వేరు వేరు. శ్రీప్రకాశ కాశీకి చెందిన నాయకుడు, 1952లో మద్రాసు గవర్నరు. ప్రకాశం నాయకుడిగా ఉన్న కూటమిని కాదని రాజాజీని పిలిచింది ఆయనే. కాలమూ ఊరూ ఒకటి కావడంతో చదివేవాళ్లు తికమక పడతారు.

## ఆంధ్ర రాష్ట్రం

ఆంధ్ర రాష్ట్రం 1950లోనే రావలసింది, ప్రకాశం వల్ల ఆగిందంటారు. నిజమేనా?

ఒక మేరకు నిజమే. 1949లో జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభ్‌భాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్యలతో కూడిన జేవీపీ కమిటీ, మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర ఇవ్వవచ్చంది. తర్వాత వేసిన విభజన సంఘంలో ప్రకాశం సభ్యుడు. కొత్త రాష్ట్రానికి మద్రాసే తాత్కాలిక రాజధానిగా ఉండాలని అసమ్మతి పత్రం రాశారు. ఏకాభిప్రాయం లేదని కేంద్రం విషయాన్ని పక్కన పెట్టింది.

నలభై ఏళ్లకు పైగా బతికిన ఊరది, వదులుకోలేకపోయారు. ఆ మొండితనమే 1928లో పనికొచ్చింది, 1949లో అడ్డం తిరిగింది. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్షకు కూర్చుని డిసెంబరు 15న ప్రాణం వదిలారు. ఆ నెల 19న నెహ్రూ ప్రకటన చేశారు. వచ్చింది మద్రాసు లేని రాష్ట్రమే.

ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి ప్రకాశమేనా?

కాదు. ఆయన 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన 'ఆంధ్ర రాష్ట్రా'నికి తొలి ముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న తెలంగాణ కలిశాక ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ప్రకాశం మంత్రివర్గంలో సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. పోటీ పరీక్షల్లో ఈ ఒక్క మాట మీద మార్కులు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

రాజధాని గుడారాల్లో నడిచిందా? కర్నూలే ఎందుకు?

1937లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని గానీ హైకోర్టు గానీ రాయలసీమకు రావాలని ఉంది. రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్లాయి. పదకొండు జిల్లాల పాలనకు కర్నూలులో భవనాలెక్కడివి? ఆఫీసులు, ఉద్యోగుల బస చాలావరకు డేరాల్లోనే. ఎనభై ఒకటో ఏట ముఖ్యమంత్రి అయిన మనిషి అక్కడే కూర్చుని పని చేశారు.

ఆ కొద్దికాలంలో ఏం చేయగలిగారు?

సొంత బలం లేని ప్రభుత్వం, ఖాళీ ఖజానా. అయినా 1954లో గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలయ్యాయి. అదే ఏడాది కృష్ణ మీద కొత్త బ్యారేజీ పనులు ప్రారంభమయ్యాయి.

ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయిందా?

అవును, 69–68. మద్యనిషేధం సంగతి చూడటానికి వేసిన రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తేయమంది. ప్రకాశం ఒప్పుకోలేదు. కల్లుగీత మీద బతికే కుటుంబాల తరఫున గౌతు లచ్చన్న ఉద్యమం నడిపారు. అవిశ్వాస తీర్మానంలో కమ్యూనిస్టులతో మిగతా వాళ్లూ కలవడంతో 1954 నవంబరులో ప్రభుత్వం ఓడింది. రాష్ట్రపతి పాలన వచ్చింది.

## చివరి రోజులు, మిగిలిన పేరు

ప్రకాశం బ్యారేజీ ఆయన కట్టించిందేనా?

విజయవాడ దగ్గర 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగింది. కొత్తదానికి 1954లో ఆయన హయాంలో పనులు మొదలయ్యాయి, 1957 డిసెంబరులో పూర్తయింది. అప్పటికి ఆయన పోయి ఏడు నెలలు. రోజూ దాని మీద వెళ్లే ఎంతమందికి అది మనిషి పేరని తెలుసో నాకు అనుమానమే.

ప్రకాశం జిల్లా ఎప్పుడు ఏర్పడింది?

గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని భాగాలు తీసి 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా ఏర్పాటు చేశారు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1972లో ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు.

టంగుటూరి సూర్యకుమారి ఆయన కూతురా?

కూతురు కాదు, తమ్ముడి కూతురు. 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' అనగానే మనకు వినిపించే గొంతు ఆమెదే.

ఆయన ఆత్మకథ చదవాలంటే ఏది చదవాలి? కష్టంగా ఉంటుందా?

'నా జీవిత యాత్ర'. కష్టమేమీ కాదు, మనతో కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. నాలుగు భాగాల్లో చివరిది ఆయన రాసింది కాదు. ఆయన మంత్రివర్గంలో ఆర్థికమంత్రిగా పనిచేసిన తెన్నేటి విశ్వనాథం రాశారు. తొందరలో ఉన్నవాళ్లు కనీసం ఒంగోలు, రాజమండ్రి రోజులు చదవండి.

ఎలా చనిపోయారు?

1957 మే నెల ఎండల్లో ఒంగోలు ప్రాంతంలో హరిజనవాడలు తిరుగుతుంటే వడదెబ్బ తగిలింది. హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకొచ్చారు. మే 20న కన్నుమూశారు, ఎనభై నాలుగేళ్ల వయసులో. అప్పటికి ఆయనకు ఏ పదవీ లేదు. ఆ ఎండలో తిరగమని ఎవరూ అడగలేదు కూడా.